స్టకీ వెళ్ళిపోయాక

డిసెంబర్ 2, సోమవారం

స్టకీ వెళ్ళిపోతున్నాడు.

పొద్దున్న ఆరున్నరకు ఆఫీసు తలుపు తీసేసరికి అట్టపెట్టెలు సర్దుకుంటున్నాడు. దక్షిణాదిన ఒక పెద్ద యూనివర్సిటీ వాళ్ళు తమ ఫుట్‌బాల్ జట్టు ముందు వరుసకు కోచ్‌గా రమ్మన్నారట. మాటలు మొదలై మూడు వారాలైందట. ఆ మూడు వారాలూ నా ఎదురుగా కూర్చుని, నా డబ్బాలోదే తిని, ఒక్క ముక్క బయటపెట్టలేదు. పదకొండేళ్ళుగా మాది ఒకే గది. అతను కోచ్, నేను అతని సహాయకుణ్ణి.

"చెబుదామనే అనుకున్నాను వెండెల్. నోరు పెగల్లేదు," అన్నాడు.

చాలా సంతోషం అన్నాను. పెట్టెలు కారు దాకా నేనే మోశాను.

పది గంటలకు కుర్రాళ్ళను కూర్చోబెట్టి చెప్పాడు. పదిహేనుమంది. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి దెబ్బలు కాయడం వాళ్ళ పని. వాళ్ళ పేర్లు పేపర్లో రావు. వాళ్ళలో ప్రతివాడి ఇంటికీ వెళ్ళి, తల్లి చేతి వంట తిని, నాలుగేళ్ళూ మీవాణ్ణి నేను చూసుకుంటానని మాటిచ్చి తెచ్చింది స్టకీయే. వెళ్ళిపోతున్నానని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. టెరెన్స్ మేబ్రీ తలెత్తలేదు. నోలన్ పెన్నర్ ఒక్కడే లేచి వెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. కుడి చేత్తో.

మధ్యాహ్నం హెడ్ కోచ్ ఎల్స్‌బరీ పిలిచాడు. ఇరవై ఎనిమిదిన టెక్సాస్‌లో సీజన్ ముగిశాక ఆడే ఆఖరి ఆట ఉంది. కొత్తవాడు దొరికేదాకా వరుస బాధ్యత నాదన్నాడు.

"ఏమో, నీకే ఇస్తారేమో," అంది మా ఆవిడ నాడీన్ భోజనాల దగ్గర.

నాకు అక్కర్లేదన్నాను. నిజంగానే అక్కర్లేదు. యాభై మూడేళ్ళు వచ్చాయి.

డిసెంబర్ 3, మంగళవారం

ఆ ఉద్యోగం నాకు అక్కర్లేదు. క్షవరం చేయించుకున్నాను. ఎలాగూ చేయించుకోవలసిందే.

డిసెంబర్ 5, గురువారం

ఎల్స్‌బరీ మళ్ళీ పిలిచాడు. మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడింది. మెట్ల వల్లే అనుకున్నాను.

"ఈ పనికి ఎవరెవరు బాగుంటారో నాకంటే నీకే బాగా తెలుసు వెండెల్. ఓ ఐదారు పేర్లు రాసివ్వు."

సాయంత్రం దాకా కూర్చుని ఐదు పేర్లు రాశాను. నిజాయితీగానే రాశాను. మూడోది కోల్ రెంఫ్రో. ముప్పై నాలుగేళ్ళవాడు, ఒహాయోలో చిన్న కాలేజీ. అతని కుర్రాళ్ళు నడుము వంచి నిలబడే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆరో పేరు రాయలేదు. తన పేరు తను ఎవడైనా ఎలా రాసుకుంటాడు?

ఎల్స్‌బరీ కాగితం పైనుంచి కిందికి చూశాడు. కింద ఖాళీ జాగా దగ్గర కాసేపు ఆగినట్టే అనిపించింది.

"ఐదుగురేనా?"

"ఐదుగురే."

"మంచి జాబితా," అని సొరుగులో పెట్టుకున్నాడు.

డిసెంబర్ 6, శుక్రవారం

సాధన బాగా జరిగింది. నోలన్ బంతి చక్కగా అందించాడు. చెయ్యి సంగతి నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తే మాత్రం చదివేదెవరు?

నవంబర్ ఆరు, బుధవారం. సాధనలో నోలన్, ఎదుటి వరుసవాడు తలలు ఢీకొట్టుకున్నారు. నోలన్ లేచి ఆడాడు. అంతా అయ్యాక మా గదికొచ్చి, మెడ దగ్గర్నుంచి నిప్పు పాకినట్టయిందనీ, ఎడమ చేతి వేళ్ళు తెలియడం లేదనీ అన్నాడు. స్టకీ లేచి తలుపు మూశాడు. పది నిమిషాల్లో వేళ్ళు మామూలయ్యాయి. జట్టు డాక్టరమ్మకి చెబితే కూర్చోబెట్టేస్తుంది, సీజన్ అయ్యాక నేనే దగ్గరుండి చూపిస్తాను అన్నాడు స్టకీ. నోలన్ సరేనన్నాడు. ఇరవై ఒక్కేళ్ళవాడు, వరుసకు నడుమ నిలబడి బంతి వెనక్కి అందించేవాడు, మూడేళ్ళుగా ఒక్క ఆట మానలేదు. ఆ పేరు పోగొట్టుకోవడం అతనికీ ఇష్టం లేదు.

నేను ఆ గదిలోనే ఉన్నాను. నేనేమీ అనలేదు.

సీజన్ అయిపోయింది. దగ్గరుండి చూపిస్తానన్నవాడు వెళ్ళిపోయాడు.

ఇంకొక్క ఆటే కదా.

డిసెంబర్ 9, సోమవారం

మేబ్రీ వెళ్ళిపోతున్నాడు. వేరే కాలేజీకి మారేవాళ్ళు పేరిచ్చే గడువు ఈరోజే మొదలైంది. తొమ్మిదింటికి మొదటి పేరు అతనిదే. ఎక్కడికని అడిగితే ఇంకా అనుకోలేదన్నాడు. వాడికి అబద్ధం ఆడటం రాదు, చెవులు ఎర్రబడతాయి.

సాయంత్రం స్టకీ ఫోన్ చేశాడు. అక్కడ చలి లేదట, జనవరిలో కూడా పొట్టి చేతుల చొక్కాలేనట.

"ఏరా, మేబ్రీ ఎలా ఉన్నాడు?"

"నీకే తెలియాలి."

నవ్వాడు. తర్వాత నెమ్మదిగా, అక్కడ తనకో సహాయకుడు కావాలనీ, మా కుర్రాళ్ళలో ఇంకో ఇద్దరు మనసు మార్చుకుని అటు వచ్చేస్తే ఆ సహాయకుడికి ఇల్లు వెతకడం తేలికనీ అన్నాడు. నేను వినపడనట్టు ఊరుకున్నాను. కోప్పడాలనిపించింది కూడా. కానీ పదకొండేళ్ళ అలవాటు, అతను ఫోన్ పెట్టేదాకా నేను పెట్టను.

నోలన్ సంగతి అతను అడగలేదు.

డిసెంబర్ 11, బుధవారం

విచిటా ఎయిర్‌పోర్టుకు వెళ్ళి రావడం ఈ వారంలో మూడోసారి. నా జాబితాలోని మనుషులను నేనే కారెక్కించుకుని వస్తున్నాను. ఈరోజు రెంఫ్రో. మిగతా ఇద్దరూ దారంతా తమ గురించి చెప్పారు. ఇతను కుర్రాళ్ళ గురించి అడిగాడు. ఒక్కొక్కడి పేరు, ఊరు, ఎవడికి కోప్పడితే పని చేస్తాడు, ఎవడికి కోప్పడకూడదు. గంటన్నర చెబుతూనే ఉన్నాను. దిగేముందు అన్నాడు, "మీరెందుకు అడగలేదండీ ఈ ఉద్యోగం?"

నాకు అక్కర్లేదన్నాను. అదోలా చూశాడు.

డిసెంబర్ 12, గురువారం

నాడీన్ అంది, "అక్కర్లేదు అక్కర్లేదని పది రోజుల్నుంచి అంటున్నావు. అక్కర్లేనివాడు అన్నిసార్లు అనడు. వెళ్ళి అడుగు. లేదంటే ఆ మాట మళ్ళీ నా చెవిన వెయ్యకు."

వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడి అడిగాను.

ఎల్స్‌బరీ కళ్ళజోడు తీశాడు. "ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నాను వెండెల్. సోమవారం రా. అందరితో మాట్లాడినట్టే నీతోనూ మాట్లాడతాను."

బయటికొచ్చి బాత్రూంలో ముఖం కడుక్కున్నాను. అద్దంలో ఎవడో నవ్వుతున్నాడు.

డిసెంబర్ 14, శనివారం

నోలన్ వాళ్ళమ్మ మార్వా పెన్నర్ మొత్తం వరుసకు బీరాక్‌లు పంపింది. మాంసం, కాబేజీ పెట్టిన రొట్టెలు, అరవై ఉంటాయి. భర్త పోయాక గోధుమ పొలం ఆవిడే చూసుకుంటోంది. ప్రతి ఆటకీ మూడు గంటలు కారు నడుపుకుని వస్తుంది. డబ్బా మీద చిన్న చీటీ: "కోచ్ వెళ్ళిపోయినా మీరున్నారు కదా అని ధైర్యంగా ఉంది."

నోలన్ రెండు తిన్నాడు. చూస్తూ ఉన్నాను. రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. బాగానే ఉన్నట్టుంది. బాగానే ఉంది.

డిసెంబర్ 16, సోమవారం

రెండు గంటలు మాట్లాడాను. ఇంత బాగా మాట్లాడగలనని నాకే తెలియదు. మేబ్రీ జాగాలో ఎవర్ని నిలబెట్టాలో, వచ్చే ఏడు ఎవరు ఎదుగుతారో బోర్డు మీద గీసి చూపించాను. ఎల్స్‌బరీ రాసుకున్నాడు కూడా. ఆఖర్న పెన్ను మూత పెడుతూ అడిగాడు.

"ఈ పద్నాలుగుమంది గురించి నాకు తెలియనిది, తెలియాల్సినది ఏమన్నా ఉందా?"

లేదన్నాను.

అడిగినంత తొందరగా చెప్పేశాను.

డిసెంబర్ 17, మంగళవారం

సాధనలో ఆటగాళ్ళు మామూలుగానే ఢీకొన్నారు. అంత గట్టి దెబ్బ కూడా కాదు. నోలన్ మోకాళ్ళ మీద ఉండిపోయాడు. లేచినప్పుడు ఎడమ చెయ్యి తడిబట్టలా వేలాడుతోంది. నా వైపు చూశాడు. నా వైపే. తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని.

పది దాకా లెక్కపెట్టాను. చెయ్యి కదల్లేదు. ఇరవై దాకా లెక్కపెట్టాను.

అప్పుడు నడుచుకుంటూ డాక్టర్ ఓరోజ్కో దగ్గరికి వెళ్ళాను. పరిగెత్తలేదు. ఇదంతా నవంబర్ ఆరున మొదలైందని ఆవిడకు చెప్పాను. ఆవిడ నన్నేమీ అడగలేదు. నన్ను దాటుకుని అతని దగ్గరికి పరిగెత్తింది.

డిసెంబర్ 18, బుధవారం

స్కాన్ వచ్చింది. వెన్నుపూస లోపల నరాల దారి పుట్టుకతోనే ఇరుకట. దానిమీద వాపు. ఇంకొక్క దెబ్బ సరిగ్గా తగిలితే మెడ కింద ఏదీ కదలదు, అంది ఓరోజ్కో. ఇక ఆట లేదు. ఈ ఆట కాదు, ఏ ఆటా లేదు.

నోలన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మళ్ళీ పనిచేస్తోంది. ఆ చేత్తోనే దుప్పటి అంచు మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు.

"స్టకీ కోచ్ అయితే చెప్పేవాడు కాదు," అన్నాడు.

నిజమే అన్నాను.

"ఆయనకి మేమంటే ప్రాణం."

నేను వచ్చేసేముందు ఇంకో మాటన్నాడు. చేతికి నిన్ననే మొదటిసారి అయిందని వాళ్ళమ్మకు చెప్పాడట. నవంబర్ సంగతి ఆవిడకు తెలియనివ్వొద్దట. తెలిస్తే స్టకీని బతకనివ్వదట.

సరేనన్నాను. ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. ఇది కూడా రాసిపెట్టాలి.

డిసెంబర్ 19, గురువారం

ఉద్యోగం రెంఫ్రోకి ఇచ్చారు.

ఓరోజ్కో అంతా చెప్పిందట, అయినా ఎల్స్‌బరీ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నువ్వు చేసింది మంచి పనే వెండెల్. ఆరు వారాలు ఆలస్యంగా చేశావు. సోమవారం నా కళ్ళలోకి చూసి లేదన్నావు. ఆఖరి ఆట దాకా ఉండు. రెంఫ్రో ఈలోగా ఊరు మారలేడు, కుర్రాళ్ళకి ఎవరో ఒకరు కావాలి. జనవరి నెలాఖరుకి నీ గది ఖాళీ చెయ్యి."

నాడీన్‌కి చెబితే ఏడవలేదు. నవంబర్ ఆరున ఇంటికొచ్చి ఏం తిన్నావో గుర్తుందా అని అడిగింది. లేదన్నాను. "నాకు గుర్తుంది. ఆ రోజు నువ్వు చాలా హుషారుగా ఉన్నావు," అంది.

డిసెంబర్ 20, శుక్రవారం

స్టకీకి ఫోన్ చేశాను. పదకొండేళ్ళలో నేనుగా చేయడం బహుశా మూడోసారి. నోలన్ మెడ సంగతి చెప్పాను. పాపం అన్నాడు. మంచి కుర్రాడు అన్నాడు.

"నువ్వే కదా స్టకీ, సీజన్ అయ్యాక చూపిద్దామన్నది."

"నేను నిన్ను అడిగానుగా. 'ఏమంటావు వెండెల్' అని అడిగాను. గుర్తులేదూ? నాలుగు ఆటలేగా అన్నది ఎవరు?"

ఫోన్ నేనే ముందు పెట్టేశాను.

నేనే అన్నాను. నాలుగు ఆటలేగా అని. నవ్వుతూ కూడా అన్నాను, నోలన్ భయం పోగొడదామని. పైన డిసెంబర్ ఆరున నేనేమీ అనలేదని రాసింది అబద్ధం. కొట్టెయ్యను, అలాగే ఉండనీ. నాకోసం రాసుకునే పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకున్నాను, ఎవరికి భయపడినట్టు?

డిసెంబర్ 22, ఆదివారం

ఏమీ లేదు.

డిసెంబర్ 23, సోమవారం

రెంఫ్రో రెండు రోజుల కోసం వచ్చాడు. కుర్రాళ్ళను పరిచయం చేశాను. ముందుగా సహాయకుడిలా నా పక్కన నిలబడి అంతా చూశాడు. నా పద్ధతులు తప్పనలేదు. మధ్యలో నోలన్ జాగాలోకి వచ్చిన కొత్త కుర్రాడి పాదాలు ఒక్క అంగుళం వెనక్కి జరిపాడు. అంతే, కుర్రాడు నిలబడే తీరే మారిపోయింది. వారం రోజులుగా అది నాకు కనపడలేదు.

నా జాబితా వల్లే తన పేరు ఎల్స్‌బరీ కంట పడిందట, చాలా థాంక్స్ అండీ అన్నాడు. వినయంగానే అన్నాడు.

డిసెంబర్ 28, శనివారం, టెక్సాస్

ఓడిపోయాం. ముప్పై ఎనిమిది, పది. మూడోసారి బంతి అందించేసరికే మా వరుస చెల్లాచెదురైంది. బంతి విసిరేవాణ్ణి ఏడుసార్లు నేలకేసి కొట్టారు. లేచిన ప్రతిసారీ వాడు నా వైపే చూశాడు. ఇదే నేను వరుసకు కోచ్‌గా నిలబడిన ఒకే ఒక్క ఆట.

నోలన్ కోటు వేసుకుని గీత బయట ఉన్నాడు. నాతో మాట్లాడలేదు. కొత్త కుర్రాడు బయటికొచ్చినప్పుడల్లా వాడి చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు.

అయ్యాక, బస్సుల దగ్గర మార్వా పెన్నర్ కనిపించింది. నా రెండు చేతులూ పట్టుకుంది. గట్టి చేతులు.

"ఆ రోజు మీరు చూడకపోతే నా కొడుకు చక్రాల కుర్చీలో ఉండేవాడు. డాక్టర్ చెప్పింది. చూసిన నిమిషంలో పరిగెత్తి వెళ్ళి చెప్పారట కదా."

నేను పరిగెత్తలేదు. ఆ మాట కూడా అనలేకపోయాను.

జనవరి 3, శుక్రవారం

ఎల్స్‌బరీ పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చాడు. మార్వా పెన్నర్ యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి రాసింది. చేతిరాత, మూడు పేజీలు. వెండెల్ ప్రెవిట్ లాంటి మనిషి ఉన్నంతకాలం ఏ తల్లయినా తన కొడుకుని అక్కడికి నిశ్చింతగా పంపొచ్చు అని ఉంది. ప్రెసిడెంట్ దాన్ని ట్రస్టీలకు చదివి వినిపించాడట. కళ్ళు చెమర్చాయట.

"నాకేం చెయ్యాలో పాలుపోవట్లేదు," అన్నాడు ఎల్స్‌బరీ. "రెంఫ్రో నిన్ను ఉంచమంటున్నాడు. ప్రెసిడెంట్ ఉంచమంటున్నాడు. నోలన్ కాకుండా, నవంబర్ సంగతి ఇక్కడ తెలిసింది నాకూ, డాక్టర్‌కీ, నీకూ. నేను నోరు విప్పితే నా జట్టు పరువే పోతుంది. ఉంటానంటే ఉండు. సోమవారం చెప్పు."

ఉత్తరం తిరిగిచ్చేశాను. ఇంటికొచ్చి నాడీన్‌కి చెప్పలేదు.

జనవరి 4, శనివారం

ఉంటే తప్పేమిటి? కుర్రాళ్ళకు తెలిసిన ముఖం ఒకటైనా మిగులుతుంది. రెంఫ్రోకి సాయం అవుతుంది. నోలన్‌కి ఇచ్చిన మాటా నిలుస్తుంది. ఇందులో నాకోసం ఏమీ లేదు.

జనవరి 5, ఆదివారం

ఉంటాను.

జనవరి 6, సోమవారం

పొద్దున్న ఎల్స్‌బరీకి చెప్పాను, ఉండనని. ఎందుకో నాకే తెలియదు. ఉంటాననే చెబుదామని మెట్లెక్కాను. గదిలో రెంఫ్రో కూడా ఉన్నాడు, నవ్వుతూ లేచి కుర్చీ జరిపాడు. ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను.

అక్కడినుంచి ఇంటికి పోవలసింది. పశ్చిమంగా మూడు గంటలు కారు నడిపాను. దారంతా వెనక్కి తిరగడానికి చోట్లు చూసుకుంటూనే ఉన్నాను.

మార్వా పెన్నర్ నన్ను చూసి సంతోషపడింది. నోలన్ ఇంట్లో లేడు, ధాన్యం లోడుతో పక్క ఊరు వెళ్ళాడట. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది. వాడు చెప్పొద్దన్నాడనే ముందు చెప్పాను. అది కూడా పిరికితనమే. తర్వాత మిగతాది చెప్పాను. గది తలుపు మూయడం, వేళ్ళు, స్టకీ అడిగింది, నేను అన్నది. నేను అన్న మాట అన్నట్టే చెప్పాను, నవ్వాననీ చెప్పాను.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బయట పొలంలో చలికాలపు గోధుమ వేలెడెత్తున పచ్చగా ఉంది.

"ఆ తర్వాత ఎన్ని ఆటలు ఆడాడు?"

"నాలుగు."

"నాలుగింటికీ వచ్చాను నేను." గొంతు పెంచలేదు. ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. "ఒకటి వానలో. ఒకదానికి జ్వరంతో వచ్చాను. మొదటి వరుసలో కూర్చుని, ఇంకా గట్టిగా గుద్దరా నోలన్, ఇంకా గట్టిగా అని అరిచాను. మర్నాడు గొంతు పోయేది. నాచేత అరిపించారు మీరు."

క్షమించమని అడగడానికే వెళ్ళానేమో. అడగలేదు. అడిగే చోటు కాదది.

ఆవిడ లేచి, నేను తాగని కాఫీ తీసుకెళ్ళి సింకులో పారబోసింది. కప్పు కడిగింది. తుడిచింది. నేనింకా అక్కడే కూర్చుని ఉన్నానని మర్చిపోయినట్టు, అరలోంచి ఇంకో శుభ్రమైన కప్పు తీసి దాన్ని కూడా కడగడం మొదలుపెట్టింది.

తలుపు నేనే తీసుకుని బయటికొచ్చాను.